టైగర్ అంటే ఎటు?

హలో… ఆ, నేనేలే అక్కా. చెప్పు.

లేదు, ఆఫీసులోనే ఉన్నా. ఇప్పుడే గ్రౌండ్ నించి వచ్చి కూలబడ్డా. బూట్లు కూడా విప్పలేదు.

…తిన్నా. …సరే, తినలేదు. పొద్దున ఒక డోనట్. అదీ ఎవరో సగం కొరికి వదిలేసింది.

గొంతుకేమైందంటే — అరిచి అరిచి పోయింది. కాన్సస్ గాలి నీకు తెలియనిదా. ఏప్రిల్ వచ్చినా తగ్గలేదు. నేను అరిచిందంతా మళ్లీ నా నోట్లోకే వస్తోంది.

…

తెలుసు. నా గొంతు గురించి అడగడానికి చెయ్యలేదని తెలుసు. వాడు ఫోన్ చేశాడా?

…ఏమన్నాడు?

…ఏడ్చాడా? ఎమెట్?

నవ్వట్లేదక్కా. నవ్వే ఓపిక ఉందా ఇక్కడ. గుమ్మంలోంచి వంగి వచ్చే మనిషి ఏడ్చాడంటే… నమ్మలేక అడిగా.

అవును. తీసేశాను. మొదటి జట్టులోంచి తీసి రెండో జట్టులో పెట్టాను. ఇవాళే. అందరి ముందే… అందరి ముందు కాకపోతే ఇంకెక్కడ పెడతారు, గ్రౌండ్‌లోనేగా.

…

అక్కా, అరవకు. పొద్దున్నించీ నేనూ అదే పని చేసి వచ్చా. ఇద్దరం అరుచుకుంటే ఏం తేలదు.

ఒక్క మాట విను — ఒక్క మాట. వాడు నీకు కొడుకు. నాకు మేనల్లుడు. కాదన్నానా? కానీ గ్రౌండ్‌లో నేను ఈ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి డిఫెన్స్ కోచ్‌ని. వాడు నా డిఫెన్స్‌లో ఒక ఆటగాడు. అంతే. అక్కడ నాకు అక్కా లేదు, బావా లేడు.

…అలా అని కాదులే. నువ్వు మాటలు పట్టుకోకు.

అసలు గొడవేంటో చెప్పాడా వాడు? …చెప్పలేదా. మరి నేను చెప్తా విను. నీకు అర్థమయ్యేట్టే చెప్తా.

వీళ్లకి పాత కోచ్ మూడేళ్లూ నేర్పిందేంటి? నలుగురు వరసగా చేతులు నేలకానించి వంగి ఉంటారు. బంతి కదిలిందా, నలుగురూ ఎద్దుల్లా దూకుతారు. ఆలోచన లేదు, చూడ్డం లేదు. చూసేవాళ్లకి భలే ఉంటుంది. ఎమెట్‌కి పేరొచ్చింది కూడా అలాగే… అవును, పేపర్లో ఫోటో పడింది, నాకూ పంపావు. కానీ జట్టు గెలిచిందా? అవతలివాళ్లు పక్కకి ఒక చిన్న పాస్ విసిరితే చాలు, వెనక అడ్డుకునే నాథుడు లేడు. ఊరి చివరి దాకా పరిగెత్తుకుంటూ పోవచ్చు. అందుకేగా ఆ పాత కోచ్‌లందర్నీ ఇంటికి పంపి మమ్మల్ని తెచ్చారు.

నా పద్ధతిలో ముందు ముగ్గురే. ఎమెట్ లాంటివాళ్లు లేచి నిలబడాలి. నిలబడి ఒక్క క్షణం చూడాలి. బంతి ఎటు పోతోందో చూసి, అప్పుడు కదలాలి. ఆ ఒక్క క్షణం ఆగమంటే వీళ్లకి ప్రాణం పోతోంది.

…అదే కదా అంటున్నా. ఇప్పుడు వాడు ఇద్దర్ని పట్టుకుని నిలబెడితే, వెనకనించి ఇంకొకడు వచ్చి బంతి ఉన్నవాణ్ణి పడేస్తాడు. చప్పట్లు వాడికి. ఎమెట్‌కి అది మింగుడు పడట్లేదు. ఆ కోపం —

…కాదా? అది కాదన్నాడా?

మరేంటి?

…చెప్తానంటావు, చెప్పవు. పోనీ నేనే ముగిస్తా, తర్వాత చెప్పు. ఇవాళ ఏమైందంటే — శనివారం మాలో మాకే ఆట ఉందిగా, ఊరంతా పిల్లా పాపలతో వచ్చి కూర్చుంటారు, దానికి సిద్ధం చేస్తున్నాం. హాలోరన్, మా హెడ్ కోచ్, గ్రౌండ్ అంచున చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను ‘టైగర్’ అని కేక వేశా.

టైగర్ అంటే… మా కేకలు మావి అక్కా, ప్రతిదానికీ ఒక పేరుంటుంది. టైగర్ అంటే వరస మొత్తం బలం ఉన్న వైపు జరగాలి. అవతలివాళ్లు ఎటు ఎక్కువమంది నిలబడితే అటు. అంతే. నీ బస్సెక్కే చిన్నపిల్లలక్కూడా అర్థమవుతుంది.

కొత్త కుర్రాళ్లు అటు జరిగారు. నీ కొడుకూ, ఇంకో ఇద్దరు సీనియర్లూ ఇటు జరిగారు. మధ్యలో ఎంత ఖాళీ అంటే, నువ్వు నీ స్కూల్ బస్సు తోలుకుంటూ పోవచ్చు. అవతలివాడు బంతి చంకలో పెట్టుకుని నడుచుకుంటూ పోయాడు. పరిగెత్తను కూడా లేదు.

మళ్లీ కేక వేశా. మళ్లీ అంతే. ఇంకోసారి. అదే. హాలోరన్ నా వంక ఒక చూపు చూశాడు… ఆ చూపు నీకు చెప్పలేను.

నిన్న మొన్న హైస్కూల్ నించి వచ్చినవాళ్లు సరిగ్గా చేస్తారట. మూడేళ్లనించీ ఉన్నవాళ్లు తప్పు చేస్తారట. వారాల తరబడి ఇదే వరస. దీన్నేమంటారు? మొండితనం అనరూ?

…అడిగా. అడక్కుండా ఉంటానా? గదిలో బోర్డు ముందు కూర్చోబెట్టి ఒక్కొక్కణ్ణీ అడిగా. ‘బలం ఉన్న వైపు, కోచ్’ అని టకటకా చెప్తారు. గ్రౌండ్‌లోకి దిగితే ఇంకోవైపు. అంటే తెలీక కాదుగా. కావాలనే. పాత కోచ్ మీద ప్రేమ, నా మీద కసి. ఆ సీనియర్ క్లేటన్ అయితే మరీ. ఒకరోజు అందరి మధ్యా నన్ను ‘ఏ టైగర్, కోచ్?’ అని అడిగాడు. ఎంత వెటకారం చూడు. ‘జూలో ఉండే టైగర్’ అన్నా. అందరూ నవ్వారు. వాణ్ణి గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించా.

ఇవాళ వాడు ప్రాక్టీస్‌కే రాలేదు. అదీ లెక్కలేనితనం.

…ఏంటి?

…ఎవరు పంపేశారు?

హాలోరనా? ఎప్పుడు?

…ఇవాళ ప్రాక్టీస్‌కి ముందేనా. లేదు, నాకు చెప్పలేదు. నాకెవరూ చెప్పలేదు. …స్కాలర్‌షిప్ కూడానా? ‘వేరే కాలేజీ చూసుకో’ అన్నాడా?

…ఎమెట్ ఎదురుగానే సర్దుకున్నాడా.

…

ఉన్నా అక్కా. వింటున్నా.

లేదు… నేను… చూడు. మంగళవారం ప్రాక్టీస్ అయ్యాక హాలోరన్ అడిగాడు. ‘వెండెల్, తప్పు నీ పద్ధతిలో ఉందా, పిల్లల్లో ఉందా?’ అని. పిల్లల్లోనే అన్నా. ‘ఎవరెవరు?’ అన్నాడు. చెప్పా. నలుగురి పేర్లు.

…క్లేటన్ ఉన్నాడు. అవును.

…

అవును. వాడి పేరే ముందు చెప్పా. ఎమెట్ పేరే.

ఎందుకంటావేంటి? మేనల్లుడు కాబట్టి! వాణ్ణొక్కణ్ణీ వదిలేసి మిగతావాళ్ల పేర్లు చెప్తే రేపు నా మొహం ఎవరైనా చూస్తారా?

…ఏదైనా చేస్తే శనివారం ఆట తర్వాతే అనుకున్నా. పిలిచి గట్టిగా నాలుగు మాటలు అంటాడేమో అనుకున్నా. ఇంత తొందరగా… ఇంత దూరం…

తిట్టు. తిట్టేసెయ్. ఫర్లేదు.

…

ఏం మాట?

…టైగరా? టైగర్ సంగతి ఇప్పుడేగా నీకు చెప్పా.

…పాత కోచ్ దగ్గర కూడానా? టైగర్ అనే మాట?

లేదులే. ఉంటే ఎవరో ఒకరు చెప్పేవాళ్లు.

…ఏ వైపు అన్నాడు?

సరిగ్గా చెప్పు. వాడు ఎలా అన్నాడో అలాగే చెప్పు.

…‘బలం లేని వైపు.’

…మూడేళ్లూ.

ఆగు. ఒక్క నిమిషం మాట్లాడకు.

…

‘హామర్’ అన్నప్పుడు ఎవరూ తప్పు చెయ్యలేదు. ఒక్కసారి కూడా. నేను తెచ్చిన మాట అది, ఇక్కడ అంతకుముందు లేదు. టైగర్ ఒక్కదగ్గరే. సీనియర్లే. ఎప్పుడూ సీనియర్లే… ఎందుకంటే కొత్తవాళ్లకి పాత టైగర్ తెలీదు.

అయ్యో.

బోర్డు ముందు జవాబు చెప్పేది బుర్ర కదా. కూర్చుని, తీరిగ్గా. గ్రౌండ్‌లో అంత టైమెక్కడుంది? చెవిన పడగానే కాలు కదులుతుంది. ఆ కాలికి మూడేళ్లు ఒకటే నేర్పారు. నేనొచ్చి అదే మాటకి అర్థం తిరగేసి… చెయ్యకపోతే పొగరన్నా.

మరి వాడు నాతో ఎందుకు చెప్పలేదు? నీతో చెప్పాడు, నాతో ఏం పోయింది?

…నేనా? ఎప్పుడన్నా?

…

అన్నా. జనవరిలో. వచ్చిన మొదటిరోజే. ‘ఇక్కడ నేను నీకు మామయ్యని కాదు, విడిగా నా దగ్గరికి రావద్దు’ అన్నా.

…తర్వాత కూడా వచ్చాడా? …తలుపు దగ్గరికి. అవునవును. నేను ఫోన్లో ఉన్నా. ఇలా చెయ్యి ఊపా, పొమ్మని. నేను వేరే పనిలో ఉండి… ఇంటి విషయం ఏదో అనుకున్నా. నీ పుట్టినరోజు దగ్గర్లో ఉందిగా, అదేమో అనుకున్నా.

ఇక క్లేటన్… వాడు వెటకారంగా అడగలేదు. నిజంగానే అడిగాడు. ఏ టైగర్, కోచ్.

నేను జూ అన్నా.

…

ఏం చెయ్యమంటావు చెప్పు. …కాదు, తెలుసు ఏం చెయ్యాలో. కాళ్లు కదలట్లేదు, అంతే.

హాలోరన్ కిందికి దిగిపోయాడు. కిటికీలోంచి కనిపిస్తున్నాడు. ట్రక్కు వైపు వెళ్తున్నాడు. ఉంటానక్కా, నేను తర్వాత —

…ఎందుకు కట్ చెయ్యకూడదు?

వెళ్తాను. ఒట్టు, వెళ్తాను.

…చిన్నప్పుడు మాటిచ్చి తప్పించుకున్న సంగతులు ఇప్పుడెందుకు? సరే. సరే, కట్ చెయ్యను. చేతిలోనే ఉంటుంది. నువ్వు మాత్రం నోరు మెదపకు.

మెట్లు దిగుతున్నా.

…

కోచ్. కోచ్, ఒక్క నిమిషం ఆగండి.

…ఫోనా? మా అక్క. ఉండనివ్వండి.

టైగర్ గురించి. మనం వేసే టైగర్ కేక. పాతవాళ్లు కూడా అదే మాట వాడారు. మనకి బలం ఉన్న వైపు, వాళ్లకి బలం లేని వైపు. సీనియర్లకి మూడేళ్ల అలవాటు అది.

…లేదు, కనుక్కోలేదు. ఎవర్నీ అడగలేదు. నేను వచ్చేసరికి వాళ్లంతా వెళ్లిపోయారు. ఓడిపోయినవాళ్ల మాటలు మనకెందుకులే అనుకున్నా.

…అవును. మంగళవారం మీరు అడిగినప్పుడు పిల్లల తప్పన్నా. కాదు. నాది.

…కాదు కోచ్, మేనల్లుడి కోసం కాదు. మీరు అలా అనుకుంటారని తెలిసే వచ్చా. అనుకోండి. కానీ ఇంటికెళ్లి మంగళవారం వీడియో ఒకసారి పెట్టి చూడండి. హామర్ అన్నప్పుడు ఎవరు ఎటు వెళ్లారో చూడండి, టైగర్ అన్నప్పుడు ఎటు వెళ్లారో చూడండి. నేను చెప్పక్కర్లేదు.

…

క్లేటన్‌కి చెప్పేశారని ఇప్పుడే తెలిసింది. నన్నొక మాట అడిగి ఉండాల్సింది మీరు… అవును, పేరు ఇచ్చింది నేనే. కాదనట్లేదు.

…వాడికి ఇంకెక్కడా దొరకదు కోచ్. మోకాలికి ఆపరేషన్ అయి ఏడాది కాలేదు. ఇప్పుడు ఏ కాలేజీ తీసుకుంటుంది వాణ్ణి?

…

సరే.

…సరే. శనివారం కూడా ఇలాగే అయితే, ఈసారి పేర్లు అడగనక్కర్లేదు. నా పేరొక్కటి చాలు.

…మరి స్కాలర్‌షిప్? …మాటే కదా కోచ్? రేపు మారదుగా?

నేనే వెళ్తా. …ఇప్పుడే.

…

అక్కా? విన్నావా?

…ఏమన్నాడంటే, నా వంక చూడను కూడా చూడకుండా, ‘పోగొట్టింది నువ్వు, తెచ్చుకునేది కూడా నువ్వే’ అన్నాడు. క్లేటన్ వస్తానంటే వాడి స్థానం, స్కాలర్‌షిప్ అలాగే ఉంటాయట. ఎమెట్ జోలికీ మిగతావాళ్ల జోలికీ పోనన్నాడు. డోరు మాత్రం ధడాల్న వేశాడు.

…నా ఉద్యోగం సంగతి శనివారం తేలుతుంది. ఇప్పుడది వదిలెయ్.

ఎమెట్ నా ఫోన్ ఎత్తడు. వద్దులే, నువ్వు చెయ్యకు. ఇది అమ్మతో చెప్పించే మాట కాదు. ఈ టైముకి అందరూ భోజనాల హాల్లో ఉంటారు. అక్కడికే వెళ్తున్నా.

…భయంగానే ఉంది. లేకపోతే ఎలా ఉంటుంది? గాలి మొహం మీద కొడుతోంది, సగం మాటలు వినపడట్లేదు నీవి. మంచిదే.

ఇదిగో, వచ్చేశా. ఫోన్ జేబులో వేస్తున్నా.

…

కూర్చోండి, కూర్చోండి. లేవక్కర్లేదు. తినండి.

ఎమెట్, నువ్వు కూడా… సరే, నిలబడే ఉండు.

నేను ఒకటి చెప్పి వెళ్తా. టైగర్. మీకు అది ఒకవైపు, నాకు ఇంకోవైపు. మీ పాత కోచ్ ఆ మాటని వేరేగా నేర్పాడని నాకు ఇందాకే తెలిసింది. నేను వచ్చిన రోజే మిమ్మల్ని అడిగి ఉండాలి. అడగలేదు. మీరు కావాలని చేస్తున్నారనుకున్నా. ఆ మాట హెడ్ కోచ్‌తో కూడా చెప్పా. మీ పేర్లు చెప్పా. అది తప్పని ఆయనకి చెప్పి ఇటు వస్తున్నా.

…మీరెందుకు చెప్పలేదని నేను అడగను. చెప్పబోయినవాణ్ణి పొమ్మన్నది నేనే. అడిగినవాణ్ణి పరిగెత్తించింది కూడా నేనే.

…అవును బాబూ, కోపం ఉంటుంది. తీర్చుకోండి. శనివారం తర్వాత తీర్చుకోండి.

టైగర్ ఇక లేదు. ఇంకో మాట కావాలి నాకు. మీరెవరూ గ్రౌండ్‌లో ఎప్పుడూ వినని మాట. బలం ఉన్న వైపు జరగడానికి.

…ఏంటీ?

…మీ ప్లేట్లో ఉన్న గ్రేవీనా?

నవ్వండి, ఫర్లేదు. గ్రేవీయే. రేపటినించీ నేను ‘గ్రేవీ’ అని అరుస్తా, ఊరంతా నాకు మతి పోయిందనుకోనీ. మీరు మాత్రం అటు జరగండి.

ఎమెట్. రేపు మొదటి జట్టులో నిలబడు. …లేదు, మామయ్యగా చెప్పట్లేదు. మామయ్యగా చెప్పాల్సింది వేరే ఉంది, అది తర్వాత.

క్లేటన్ ఎక్కడ?

…ఎప్పుడు బయల్దేరాడు? …ఫోన్?

ఎత్తట్లేదా. నీది కూడా ఎత్తట్లేదా.

ఇంటికే వెళ్లాడంటావా? …వాళ్ల పొలం ఎక్కడ? …అక్కడ దారులకి పేర్లు లేవా? మరెలా కనుక్కుంటారు ఎవరైనా?

…నువ్వు వెళ్లావా? ఎన్నిసార్లు?

పద అయితే, ఎమెట్. కారు తీస్తా. …తిని రా, పోనీ. …సరే, దార్లో తిను.

…

అక్కా? ఉన్నావా ఇంకా?

కారెక్కాం. క్లేటన్ ఇంటికి. వాళ్లమ్మ ముందర నిలబడి చెప్పాలి ఇప్పుడు. అది తల్చుకుంటే ఇందాకటిది నయం అనిపిస్తోంది.

…పక్కనే ఉన్నాడు. రొట్టె తింటున్నాడు.

…లేదు, ఏడవట్లేదు.

…వస్తాడో రాడో నాకేం తెలుసు అక్కా. నేనైతే రాను. వాడు నాకంటే మంచివాడేమో చూడాలి.

…ఇవ్వమంటావా? ఎమెట్, మీ అమ్మ… తర్వాత మాట్లాడతాడట.

…నాతోనా? లేదు. ఒక్క ముక్క లేదు. కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు.

దారి మాత్రం చెప్తున్నాడు.

పెట్టేస్తున్నా.